మూఁతవేసిన డ్రైవర్లు

కంప్యూటరునకు జతపఱచిన ముద్రణయంత్రము దానంతట నదియే పనిచేయదు. దానికిని ఆపరేటింగు సిస్టమునకును నడుమ దుబాసివలె మెలఁగు ప్రోగ్రామును డ్రైవరందురు. ఈ దుబాసి యేమి పలుకుచున్నదో యంత్రము కొన్నవాఁడు తెలిసికొనవచ్చునా, కూడదా యనునదియే యీ వివాదమునకు మూలము.

1980 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునకు జెరాక్సువారొక లేజరు ముద్రణయంత్రము నిచ్చిరి. అందుఁ గాగితము తఱచుగాఁ జిక్కుకొనుచుండెను. అంతకుముందున్న యంత్రమున నట్టి చిక్కు కలిగినప్పుడు వార్త వెంటనే యందఱికిఁ దెలియునట్లు రిచర్డు స్టాల్‌మన్ అను నతఁడు దాని ప్రోగ్రామును దిద్దియుండెను. క్రొత్తదానిని నట్లే దిద్దుదమన్న సోర్సుకోడనఁబడు మూలలిపి లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున నొకరియొద్ద నది కలదని విని, పోయి యడిగెను. ఎవరికి నీయనని మాట యిచ్చితినని యాయన నిరాకరించెను. తోడిపండితునకు సాయపడుటయే తప్పగునట్టి యొడంబడిక యది! స్టాల్‌మన్ కోపము వట్టిపోలేదు. 1983లో గ్నూ ఉద్యమమును బ్రకటించి, 1989లో జీపీఎల్ అను లైసెన్సును వెలువరించెను. దాని ప్రకార మెవరైనను ప్రోగ్రామును జదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. కాని మార్చి పంచువాఁడు మూలలిపినిగూడ నీయవలయును.

హెల్సింకి విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్సు 1991లో రచించిన లినక్సు కెర్నెలు మఱుసటి యేఁడు జీపీఎల్ క్రిందికి వచ్చెను. పరికరములు చేయు కంపెనీలలోఁ గొన్ని మాత్రము డ్రైవర్ల మూలలిపిని దాఁచి, యంత్రభాషలోని రూపమునే యిచ్చుచుండెను. కెర్నెలుతోఁ గలసి పనిచేయు నట్టి డ్రైవరునకును జీపీఎల్ వర్తించునా? వేఱొక సిస్టముకొఱకుఁ బుట్టి పిదప లినక్సునకు వచ్చినదానిని కెర్నెలు సంతాన మనరాదని టోర్వాల్డ్సు చెప్పి, ఆండ్రూ ఫైల్ సిస్టమును దృష్టాంతముగాఁ జూపెను. సంస్కృతము చదివినవారి కిది సులువుగ బోధపడును. మూలము లేక వ్యాఖ్యానము నిలువదు, స్వతంత్రకావ్యము నిలుచును. ఏ డ్రైవ రే కోవలోనిదో నిర్ణయించుటయే కష్టము.

2001లో ప్రతి డ్రైవరును తన లైసెన్సును చెప్పుకొను నేర్పాటు వచ్చెను. మూసిన డ్రైవరు చేరినచోఁ గెర్నెలు తాను మైలపడితినని గుర్తు వ్రాసికొనును. ఆ డ్రైవరును దొలఁగించినను మైల పోదు. యంత్రమును మరల నారంభించుటయే దానికి స్నానము. సంస్కర్తలకు రుచింపని మాటయే గాని, యిచ్చట దానికిఁ గారణము కలదు: లోపల నేమున్నదో కనఁబడని ప్రోగ్రాము పడవేసిన యంత్రమును బాగుచేయుట యెవరి తరము?

2004లో మోడెము డ్రైవర్లు చేయు లినుక్సాంట్ కంపెనీ వింతయుపాయము పన్నెను. లైసెన్సు వ్రాయవలసినచోట జీపీఎల్ అని వ్రాసి, వెంటనే సున్న నుంచి, యసలు షరతును తరువాత వ్రాసెను. సీ భాషలో సున్నతో వాక్యము ముగియును. కెర్నెలు మొదటి మూఁడక్షరములు చదివి తృప్తిపడెను. ధర్మరాజు మాటలోఁ గడపటిపదము ద్రోణుని చెవిఁ బడనట్లే! హెచ్చరికలు మాటిమాటికిఁ గనఁబడి వాడువారు బెదరుచున్నారని కంపెనీ చెప్పుకొనెను.

మూసిన డ్రైవర్లను బూర్తిగా వెలివేయవలెనని 2006లోఁ బ్రతిపాదన రాఁగా టోర్వాల్డ్సే త్రోసివేసెను. అది వివేకమే యని నా తలఁపు. ఇంటిలోని తెర వెలుఁగకున్న గృహస్థుఁ డెవరి సిద్ధాంతమును వినఁడు. ఆ టోర్వాల్డ్సే 2012లో ఫిన్లండున నొక సభయందుఁ జిత్రపరికరములు చేయు ఎన్విడియా కంపెనీని మర్యాద మీఱి నిందించెను. పదేండ్లకు, 2022 మేలో, ఎన్విడియా తన డ్రైవరునందుఁ గెర్నెలులోఁ జేరు భాగపు మూలలిపిని బయటపెట్టెను. పరికరములోపలి ఫర్మువేరును, చిత్రరచన చేయు పైభాగములను మాత్రము మూఁతలోనే యుంచెను.