పాదరక్షలు – రాజమర్యాదలు

గడపవద్ద చెప్పులు విడిచి, కాళ్ళు కడుగుకొని లోనికి పోవుట మన యిండ్లలో పసిపిల్లలకు సైతము తెలిసిన మర్యాద. దేవాలయమునకు గాని, పూజామందిరమునకు గాని పాదరక్షలతో పోము. అయినను కచేరీకి పోవునపుడు ఈ లెక్క తలక్రిందగుచున్నది. అచ్చట కాలు పూర్తిగ కప్పిన బూటు మర్యాదకు గుర్తు; వ్రేళ్ళు కనబడు చెప్పు అలక్ష్యమునకు గుర్తు. ఎండలు మండు ఈ దేశమున ఇట్టి మర్యాద ఎట్లు వేరూనినది? దీని వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

ఈస్టిండియా కంపెనీవారు వర్తకులుగ వచ్చిన కాలమున దేశీయ ప్రభువుల సన్నిధిలో దేశాచారమునే పాటించిరి. పాలకులైన పిదప, దేశీయులు తమ యెదుట జోళ్ళు విడిచి నిలువవలెనని పట్టుబట్టిరి. మేము టోపీ తీసి గౌరవము చూపుదుము, మీరు జోళ్ళు విడిచి చూపుడు అనునది వారి వాదము. వినుటకు న్యాయముగనే యుండెను. కాని కలకత్తాలో ఇంగ్లీషు చదివిన పెద్దమనుష్యులు ఇంగ్లీషు బూట్లు తొడుగ నారంభించుటతో చిక్కు వచ్చినది. 1854లో, డల్హౌసీ గవర్నరు జనరలుగ నున్నపుడు, ఐరోపా ఫక్కి బూట్లు తొడిగిన దేశీయులు వానితోనే దర్బారునకు రావచ్చునని ఉత్తరువు వెలువడెను. 1868లో, జాన్ లారెన్సు కాలమున, ఆ సడలింపు మరింత విస్తరింపబడెను.

ఈ ఉత్తరువులలోని మర్మమును గమనింపుడు. మనుష్యుడొక్కడే, కాలొక్కటే. దొరల ఫక్కి బూటు లోనికి పోవచ్చును. మన యూరిలో కుట్టిన చెప్పు వాకిటనే యుండవలెను. గౌరవము మనిషికి గాక అతని జోళ్ళ తీరునకు దక్కినది.

ఆ తరువాతి యేటనే హైదరాబాదులో దీని రెండవ ముఖము కనబడెను. అంతవరకు బ్రిటిషు రెసిడెంటులు నిజాము దర్బారున బూట్లు విడిచి, నేలపై పరచిన పరుపులమీద కూర్చుండెడివారు. 1869లో అఫ్జలుద్దౌలా మరణించెను. మూడేండ్లయినను నిండని మహబూబ్ అలీ ఖాను గద్దె నెక్కెను. ఆ సందర్భముననే రెసిడెంటు సాండర్సు బూట్లతో దర్బారున ప్రవేశించి కుర్చీపై ఆసీనుడయ్యెను. తమ కచేరీలో దేశీయుల జోళ్ళు విడిపించినవారు, పరుల దర్బారులో తమ బూట్లు విడుచుటకు సమ్మతింపలేదు.

1874 జనవరిలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు కలకత్తాలో పార్కువీధిలోని ఏషియాటిక్ సొసైటీ భవనమునకు పోయెను. ఇండియన్ మ్యూజియము అప్పుడు అందే యుండెను. ధోవతి, ఉత్తరీయము, దేశీయపు చెప్పులు – ఇది ఆయన నిత్యవేషము. చెప్పులు విడిచినగాని లోనికి పోరాదని ద్వారమువద్ద అడ్డగించిరి. ఇంగ్లీషు జోళ్ళవారు మాత్రము నిరాటంకముగ పోవుచుండిరి. సంస్కృత కళాశాలకు అధ్యక్షుడుగ నుండిన ఆ పండితుడు వాదులాడక వెనుదిరిగి, మ్యూజియము ధర్మకర్తలకు లేఖ వ్రాసి, ఈ భేదమునకు కారణమేమని అడిగెను. ఆ సంగతి పత్రికల కెక్కి పెద్ద చర్చకు దారితీసినది.

బర్మా అప్పుడు ఇండియాలో ఒక రాష్ట్రము. అచ్చట ఐరోపావారు బౌద్ధాలయములలో సైతము బూట్లతో తిరుగుచుండిరి. బర్మా యువకులు దీనిని తీవ్రముగ ప్రతిఘటింపగా, ఆలయమున పాదరక్షల నిషేధము ఆ ఆలయాధికారుల యిష్టమని 1919లో ప్రభుత్వ మంగీకరింపవలసి వచ్చెను. ఎవరి గడపవద్ద వారి ఆచారము చెల్లవలెననునది దీని సారము.

1931 నవంబరులో, రెండవ రౌండు టేబులు సమావేశమునకు లండను పోయిన గాంధీజీ, బకింగుహాము రాజభవనమున ఐదవ జార్జి యిచ్చిన తేనీటి విందునకు పొట్టి ధోవతితో, శాలువతో, కాలి చెప్పులతోనే వెళ్ళెను. ఎనుబది యేండ్లనాడు దర్బారు గుమ్మము దాటరాని దేశీయపు చెప్పు చక్రవర్తి యింటనే అడుగు పెట్టినది.

ఇక మన సంగతి. యంత్రములున్నచోట, ప్రయోగశాలలలో కాలికి రక్షణ కావలెను గనుక బూటు తప్పదు. కవాతులో అందరిదీ ఒకే వేషము. దేవాలయమున అందరిదీ వట్టికాలు. ఈ నియమములు పెద్దకు, చిన్నకు సమానములు గనుక వీనిలో అవమానము లేదు. మిగిలినచోట్ల, ముఖ్యముగ ఢిల్లీ జ్యేష్ఠమాసపు వేడిలో, శుభ్రమైన చెప్పు తొడిగి బల్లవద్ద కూర్చున్నంతమాత్రమున పని చెడదు.

కాని నన్ను బాధించునది మన కాళ్ళ సంగతి కాదు. పల్లెనుండి అర్జీతో వచ్చిన రైతు దుమ్ముపట్టిన చెప్పులు గదివెలుపల విడిచి, వంగి లోనికి వచ్చుట నేటికిని అచ్చటచ్చట చూచుచున్నాము. ఇంటి గడపవద్ద విడుచుట భక్తి. ఇచ్చట విడుచుట పాతకాలపు భయము. ఆ భయమును నేర్పిన ఉత్తరువులు పోయినవి, నేర్చినవారి అలవాటు పోలేదు. దానిని పోగొట్టుటకు క్రొత్త ఉత్తరువు అక్కరలేదు. “చెప్పులతోనే రండి, కూర్చోండి” అని మనము బల్లవద్దనుండి చెప్పిన చాలును.