మందు మానేసిన మూడో రోజు ఏం జరుగుతుంది?

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మందు మానేశాడు. మూడో రోజు ఒళ్లంతా వణుకు, చెమటలు. గోడ మీద లేని పురుగుల్ని చూపిస్తున్నాడు. ఇంట్లోవాళ్లు పిచ్చెక్కిందనో, గాలి సోకిందనో అనుకుంటారు.

ఒకప్పుడు డాక్టర్లే పొరబడ్డారు. మెదడు వాపు అనుకుని రక్తం తీసేసేవాళ్లు. 1813లో ఇంగ్లండ్ డాక్టర్ థామస్ సటన్, ఇది వేరే జబ్బు, రక్తం తీస్తే ఇంకా ప్రమాదం అని రాశాడు. 'డెలీరియం ట్రెమెన్స్' అని పేరు పెట్టాడు. అంటే వణుకుతో వచ్చే మతిభ్రమ.

మరి ఇది తాగినందుకు వస్తుందా, ఆపినందుకా? ఆ వాదన వందేళ్లకు పైగా నడిచింది. 1955లో అమెరికాలో హారిస్ ఇస్‌బెల్ టీమ్ ఒక ప్రయోగం ప్రచురించింది. పదిమందికి మంచి తిండి, విటమిన్లు ఇస్తూనే రోజుల తరబడి తాగించి, సడన్‌గా ఆపేశారు. ఎక్కువ రోజులు తాగినవాళ్లలో కొందరికి ఫిట్స్, భ్రమలు వచ్చాయి. ఇవాళ అలాంటి ప్రయోగం ఎవరూ ఒప్పుకోరు. కానీ జవాబు దొరికింది: ఆపడమే కారణం.

ఎందుకంటే మందు మెదడుకి బ్రేక్ వేస్తుంది. మెదడు అలవాటుపడి యాక్సిలరేటర్ తొక్కుతూ ఉంటుంది. బ్రేక్ పోగానే స్పీడ్ ఒక్కటే మిగులుతుంది.

కోడింగ్ చేసే రోజుల్లో బగ్ వస్తే నేను ముందు టైమ్ చూసేవాణ్ణి. ఇక్కడా అంతే. "చివరిసారి ఎప్పుడు తాగాడు?" అని అడగండి. రెండు నుంచి నాలుగు రోజులు అయి, ఈ లక్షణాలుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇది ప్రాణం తీయగలదు. మందు మానాల్సిందే, కాకపోతే డాక్టర్ సాయంతో.