కృష్ణానందుడైన డాక్టరు

ఇకువో హయాషి మంచి డాక్టరు. ఈ కథలో మింగుడుపడని సంగతి ఇదే కాబట్టి ముందే చెప్పుకోవడం మేలు. 1947లో టోక్యోలో పుట్టాడు. తండ్రి డాక్టరు, తల్లి ఫార్మసిస్టు. పేరున్న కేయో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, గుండె ఆపరేషన్లు చేసే సర్జనయ్యాడు. అమెరికా వెళ్ళి కొంతకాలం పనిచేసి వచ్చాడు. తర్వాత ఇబరాకి ప్రాంతంలోని తొకాయి అనే ఊళ్ళో, ప్రభుత్వ ఆసుపత్రిలో గుండె జబ్బుల విభాగానికి పెద్ద. భార్య కూడా డాక్టరే. ఆపరేషన్ థియేటర్లో రోగికి మత్తిచ్చే విద్య ఆమెది. పిల్లలు, ఇల్లు, జీతం, పరువు, అన్నీ ఉన్నాయి.

ఉన్న లోటల్లా ఒక్కటే. ఎంత నేర్పుగా కోసి కుట్టినా కొందరు రోగులు పోతూనే ఉంటారు. ఈ సంగతికి చాలామంది డాక్టర్లు నాలుగైదేళ్ళలో అలవాటు పడిపోతారు. హయాషి పడలేదు. చావు దగ్గరికి వచ్చేసరికి తన చదువు చేతులెత్తేస్తోందన్న బాధ అతన్ని వదల్లేదు. జవాబు కోసం ముందు ఒక బౌద్ధ శాఖలో చేరాడు. అక్కడ దొరకలేదు. 1989లో ఓం షిన్రిక్యో అనే సంస్థలో సభ్యుడయ్యాడు. మరుసటి ఏడాది ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, భార్యాపిల్లలతో సహా ఇల్లు వదిలి సన్యాసం పుచ్చుకున్నాడు. అప్పటికి వయసు 43. గురువు పెట్టిన కొత్త పేరు కృష్ణానంద.

ఆ గురువు షోకో అసహారా. అసలు పేరు చిజువో మత్సుమోతో. కుమమోతో ప్రాంతంలో చాపలు నేసే పేదింట్లో 1955లో పుట్టాడు. చూపు సరిగా ఆనదు, చదువంతా అంధుల బడిలోనే సాగింది. తర్వాత సూదుల వైద్యం, మూలికలు. 1982లో దొంగ మందులు అమ్ముతూ పట్టుబడి జరిమానా కట్టాడు. 1984లో టోక్యోలో యోగా నేర్పే చిన్న కేంద్రం తెరిచాడు. పద్మాసనం వేసుకుని గాల్లోకి లేచినట్టు దిగిన ఫొటో పత్రికల్లో అచ్చయింది. హిమాలయాలకు వెళ్ళి, మోక్షం సాధించి వచ్చానని ప్రకటించుకున్నాడు. 1989లో టోక్యో ప్రభుత్వం ఆయన సంస్థను మత సంస్థగా గుర్తించింది. ప్రధాన దైవం శివుడు. ఫూజీ పర్వతం కింద కమికుయిషికి అనే పల్లెలో కట్టిన షెడ్లకు ఒకటో సత్యం, రెండో సత్యం, ఆరో సత్యం అంటూ పేర్లు. పురాణం విన్న చెవులకు ఈ పేర్లన్నీ మన ఇంటివే. అది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఇలాంటి స్వాములు మనకు కొత్త కాదు గనక, గాల్లోకి లేచిన మనిషి ఫొటో చూసి మనం నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. గుండె కోసి చూసిన సర్జను మాత్రం నవ్వలేదు.

అతనొక్కడే కూడా కాదు. వసేదాలో భౌతికశాస్త్రం చదివిన కెనిచి హిరోసే, టోక్యో విశ్వవిద్యాలయంలో కణభౌతికం చేస్తున్న తోరు తొయోదా, త్సుకుబాలో కర్బన రసాయనం చదివిన మసామి త్సుచియా, క్యోటోలో వైరస్‌ల మీద పరిశోధన చేస్తున్న సెయిచి ఎందో, అందరూ చదువులో ముందు వరసవాళ్ళే. 2007లో గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో బాంబులు పేలినప్పుడూ, 2013లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాపుల దగ్గర పేలినప్పుడూ హైదరాబాదు టీ కొట్లలో రెండే కారణాలు వినపడ్డాయి: పేదరికం, చదువులేనితనం. జనాన్ని చంపిన ఓం కథకు ఆ రెండూ పనికిరావు. పెళ్ళి సంబంధాలకు వెతికే కుర్రాళ్ళు వీళ్ళు.

హయాషి ఇల్లు వదిలేనాటికే ఆ సంస్థ చేతికి నెత్తురంటి ఉంది. సభ్యుల తల్లిదండ్రుల తరఫున పోరాడుతున్న త్సుత్సుమి సకమోతో అనే యువ లాయరును, అతని భార్యను, ఏడాది దాటిన కొడుకును 1989 నవంబరులో వాళ్ళ ఇంట్లోనే చంపి, మూడు శవాలను మూడు వేరువేరు కొండల్లో పాతిపెట్టారు. అతనికి ఆ సంగతి తెలియదు. తెలిసిన కొద్దిమందికీ దాన్ని హత్య అనుకోనక్కర లేకుండా ఒక సిద్ధాంతం తయారుగా ఉంది. పాపం మూటగట్టుకుంటున్న జీవిని గురువు ఆజ్ఞతో ఈ లోకం దాటిస్తే ఆ జీవి పై లోకానికి పోతుంది. ప్రాణం తీయడమే కరుణ. టిబెటన్ బౌద్ధంలో చనిపోయేవారి చైతన్యాన్ని సాగనంపే ఒక క్రియను తెచ్చి అసహారా దాన్నిలా తిప్పాడు.

1990లో పార్లమెంటు ఎన్నికలకు 25 మంది అభ్యర్థులతో దిగి, అసహారాతో సహా అందరూ ఓడిపోయారు. ఆ తర్వాత ప్రళయం ముంచుకొస్తోందన్న ప్రచారం, ఆయుధాల తయారీ ఊపందుకున్నాయి. 1994 జూన్‌లో మత్సుమోతో పట్టణంలో రాత్రివేళ సారిన్ విషవాయువు వదిలి ఎనిమిది మందిని పొట్టనపెట్టుకున్నారు. పోలీసులు ఆ ఊళ్ళోనే ఉన్న ఒక అమాయకుణ్ణి అనుమానించి నెలల తరబడి వేధించారు. అతని భార్యే ఆ విషానికి స్పృహ తప్పి, 14 ఏళ్ళు అలాగే ఉండి చనిపోయింది.

ఇక కృష్ణానంద సంగతి. మొదట్లో అతని పని అతనికి తెలిసిన పనే, టోక్యోలో సంస్థ నడిపే చిన్న ఆసుపత్రిలో వైద్యం. తర్వాత గురువు సంస్థలోనే ఒక ప్రభుత్వం ఏర్పాటు చేసినప్పుడు వైద్య మంత్రి పదవి దక్కింది. సంస్థలో గూఢచారులున్నారన్న అనుమానం పెరిగింది. నిజం రాబట్టడానికి మత్తుమందు ఎక్కించి ప్రశ్నలు అడగాలన్నారు. మోతాదు తెలిసినవాడు కావాలి. అతను ఎక్కించాడు. కొందరి జ్ఞాపకాలు చెరిపేయాలన్నారు. తలకు కరెంటు షాకులు ఇచ్చాడు. ఇదంతా సర్జరీలాగే శుభ్రంగా జరిగింది. 1995 ఫిబ్రవరి 28న టోక్యో వీధిలో ఒక నోటరీ కార్యాలయ ఉద్యోగిని ఎత్తుకొచ్చారు. ఆస్తి రాసివ్వమంటే భయపడి సంస్థ నుంచి పారిపోయిన ఆయన చెల్లెలి ఆచూకీ కావాలి. హయాషి మత్తు ఎక్కించి, మనిషిని తోటి డాక్టరుకు అప్పగించాడు. మర్నాడు ఆ ఉద్యోగి చనిపోయాడు. శవాన్ని ఆశ్రమంలోనే కాల్చేశారు.

నా దృష్టిలో ఇతని పతనం రైల్లో జరగలేదు, ఈ గదుల్లో జరిగింది. రైలెక్కేనాటికి చెయ్యి తిరిగిపోయింది.

ఆ ఉద్యోగి కేసుతో పోలీసులు ఆశ్రమం మీదికి రాబోతున్నారని ఉప్పందింది. మార్చి 18న హిదెవో మురాయి అనే పెద్ద శిష్యుడు మనుషుల్ని ఎంచి పిలిచి పని చెప్పాడు. టోక్యో పాతాళ రైళ్ళలో సారిన్ వదలాలి. మంత్రిత్వ శాఖలూ పోలీసు ప్రధాన కార్యాలయమూ ఉన్న కసుమిగసెకి స్టేషనుకి చేరే మూడు లైన్ల మీద, ఐదు రైళ్ళలో, ఒకే సమయానికి. ఆజ్ఞ ఎవరిదో ఎవరూ అడగలేదు. 20వ తేదీ తెల్లవారుజామున ఏడో సత్యంలో, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచుల్ని గొడుగులతో పొడిచి సాధన చేశారు. ఆ గొడుగుల మొనలు అరగదీసి పదునుపెట్టి ఉన్నాయి. తర్వాత హయాషి తన నలుగురు సహచరులకూ తలా ఒక సిరంజి ఇచ్చాడు. అందులో అట్రోపిన్, సారిన్‌కి విరుగుడు. విషం సోకినట్టు ఏమాత్రం అనిపించినా వెంటనే పొడుచుకోవాలని చెప్పాడు.

సిరంజి సంగతి కాసేపు ఆలోచించాలి. నాజీ డాక్టర్ల మీద పెద్ద పుస్తకం రాసిన అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్, అలాంటి డాక్టర్లలో రెండో మనిషి ఒకడు తయారవుతాడన్నాడు. ఇంటి దగ్గర ఒకడు, శిబిరంలో ఇంకొకడు. ఓం మీద కూడా ఆయన 1999లో పుస్తకం రాశాడు. పెద్దాయన మాట కాదనడానికి సందేహంగానే ఉన్నా, హయాషిలో నాకు ఇద్దరు కనపడరు. రోగుల చావు చూసి కుమిలిపోయినవాడూ, సహచరులకు విరుగుడు పంచినవాడూ, విషం సంచి పట్టుకున్నవాడూ ఒక్కడే. ఆ జాగ్రత్త ఎవరి మీద చూపించాలో నిర్ణయించే పని మాత్రం ఇంకొకరికి వదిలేశాడు.

ఉదయం ఎనిమిది కావస్తుండగా సెందగి స్టేషన్లో చియోదా లైను రైలెక్కాడు, మొదటి పెట్టె. ముక్కుకి మాస్కు. మార్చిలో పుప్పొడి పడక జపాన్‌లో చాలామంది మాస్కు కట్టుకుంటారు, ఎవరూ తేరిపార చూడరు. న్యూస్‌పేపర్లో చుట్టిన రెండు సంచులు, గొడుగు. ఎదుటి సీట్లో ఒక స్త్రీ కూర్చుని ఉంది. మధ్యలో ఎక్కడా దిగిపోకపోతే ఈవిడ చచ్చిపోతుందని తనకు తెలుసునని తర్వాత అతనే చెప్పాడు. అంటే చూశాడు. లెక్క వేశాడు. డాక్టరు కనుక ఆ చావు ఎలా ఉంటుందో కూడా తెలుసు. షిన్ ఓచనోమిజు స్టేషను వస్తుండగా కాగితం పొట్లం కిందికి జార్చి గొడుగుతో పొడిచి దిగిపోయాడు. రెండు సంచుల్లో ఒకటే చిల్లుపడింది.

సారిన్ మనకు తెలియని జాతిది కాదు. 1938లో జర్మనీలో పురుగుమందుల మీద పరిశోధన చేస్తున్నవాళ్ళకే ఇది తగిలింది. పత్తి చేలల్లో కొట్టే మందులు కొన్నిటికి ఇది దగ్గరి చుట్టం. పురుగుల మందు తాగిన రైతును వరంగల్ ఎంజీఎంకో గుంటూరు జనరల్‌కో తెస్తే డ్యూటీ డాక్టరు ముందు కంటిపాప చూస్తాడు. సూదిమొనంత అయిపోయి ఉంటుంది. నోటి వెంట చొంగ, ఊపిరాడదు. ఎక్కించేది అదే అట్రోపిన్. టోక్యోలో ఆ ఉదయం స్టేషన్ల మెట్లెక్కి వచ్చినవాళ్ళు, పట్టపగలు లోకమంతా ఎందుకు చీకటి కమ్మిందో తెలియక కళ్ళు నులుముకున్నారు. సెయింట్ లూక్స్ ఆసుపత్రికి ఆ ఒక్కరోజే 640 మంది వచ్చారు. ఏం జరిగిందో అక్కడి డాక్టర్లకు అంతుబట్టలేదు. అంతకుముందు ఏడాది మత్సుమోతో బాధితులకు వైద్యం చేసిన షిన్షు విశ్వవిద్యాలయం డాక్టరు నొబువో యనగిసావా, టీవీలో ఆ దృశ్యాలు చూసి గుర్తుపట్టి, ఇది సారిన్ కావచ్చని టోక్యో ఆసుపత్రులకు ఫోన్ చేసి చెప్పాడు. హయాషి కావాలనుకుని ఉంటే ఆ ఫోన్ తనే చేయగలిగేవాడు.

కసుమిగసెకిలో రైలాగాక, నేల మీద తడిగా పడి ఉన్న పొట్లాన్ని స్టేషను సిబ్బంది చేతులతో ఎత్తి బయటపెట్టారు. ప్రయాణికులు జారి పడతారనీ, రైలు ఆలస్యమవుతుందనీ వాళ్ళ ఆదుర్దా. వాళ్ళలో ఇద్దరు చనిపోయారు. ఐదు రైళ్ళలో కలిపి 13 మంది పోయారు, 6,000 మందికి పైగా గాయపడ్డారు. పాతికేళ్ళు మంచాన ఉండి 2020లో కన్నుమూసిన ఒక స్త్రీతో లెక్క 14కి చేరింది.

పోలీసులు మాత్రం ఆగలేదు. రెండు రోజులకే, 22వ తేదీన, ఆశ్రమం మీద పడ్డారు. లోకాన్ని ఉద్ధరించే మహాయుద్ధం అన్నది ఆఖరికి ఒక పోలీసు సోదాను కొన్నాళ్ళు వాయిదా వేయించే ఎత్తుగా తేలింది. పెద్ద పెద్ద కారణాలు వెతికేవాళ్ళకు ఈ అల్పత్వం మింగుడుపడదు. నాకైతే కడుపు మండేది ఇక్కడే.

హయాషిని ఏప్రిల్ 8న పట్టుకున్నారు, సైకిలు దొంగతనం నెపం మీద. సారిన్ చల్లినవాడు తమ చేతికి చిక్కాడని వాళ్ళకింకా తెలియదు. విచారించిన అధికారి అతన్ని డాక్టరుగానే గౌరవించి మాట్లాడాడంటారు. మే మొదటి వారంలో, రైల్లో సారిన్ వదిలింది నేనేనని తనంతట తనే చెప్పాడు. ఆ ఒప్పుకోలుతోనే కేసు ముడి వీడింది. ఆ నెల 16న ఆరో సత్యంలో, ఇరుకు అరలో దాక్కున్న అసహారా దొరికాడు. కోర్టులో హయాషి అన్నీ చెప్పాడు, ఏడ్చాడు. తన గురువు చేసిన దగాను అక్కడే ఎండగట్టాడు. ఆ గురువేమో గొణుగుతూ, తర్వాత ఆ గొణుగుడూ మాని, ఎందుకు చేయించాడో చెప్పకుండానే విచారణ వెళ్ళదీశాడు.

1998 మే 26న హయాషికి యావజ్జీవ ఖైదు పడింది. ఒప్పుకోలు కారణంగా ప్రాసిక్యూటర్లే ఉరి అడగలేదు. చల్లిన మిగతా నలుగురికీ ఉరి ఖాయమైంది. వాళ్ళలో మసాతో యొకొయామా వదిలిన రైల్లో ఒక్కరు కూడా చనిపోలేదు. హయాషి రైల్లో ఇద్దరు పోయారు. 2018 జులై 6న అసహారాతో కలిపి ఏడుగుర్ని, 26న యొకొయామాతో సహా మిగిలిన ఆరుగుర్ని ఉరితీశారు. నిజం చెప్పినందుకు ప్రాణం నిలవడం న్యాయమే కావచ్చు. భర్త పోయిన స్టేషను ఉద్యోగి భార్యకు ఆ లెక్క ఎలా వినపడిందో ఊహించగలను.

బుర్ర కడిగేశారు అన్న మాట ఈ కేసులో చాలామంది వాడారు. అది నిజమే అయితే ఎదుటి సీట్లో స్త్రీ అతనికి కనపడకూడదు. కనపడింది. ఆ ఒక్క క్షణం అతని సొంతం, గురువు అక్కడ లేడు. అదే క్షణంలో అతనికి ఇంకో సంగతి కూడా కనపడి ఉండాలి. ఇప్పుడు వెనక్కి తగ్గితే, వదిలేసిన ఉద్యోగం, ఇల్లు, భార్యాపిల్లల బతుకు, మత్తు ఎక్కించిన మనుషులు, చనిపోయిన నోటరీ ఉద్యోగి, ఇదంతా దేనికోసం జరిగినట్టు? ద్వేషం కన్నా, స్వర్గం మీద ఆశ కన్నా, పెట్టుబడంతా వృథా అని ఒప్పుకోలేకపోవడమే గొడుగు పొడిపించిందని నా అనుమానం.

హిరోసే ఉరిశిక్ష కోసం ఎదురుచూస్తూ జైలు నుంచి కాలేజీ పిల్లలకు పెద్ద ఉత్తరం రాశాడు, తను ఎలా పడ్డాడో వివరిస్తూ. ఓం సంస్థ 2000లో అలెఫ్ అని పేరు మార్చుకుంది, తర్వాత అందులోంచి ఇంకొకటి చీలింది. నిఘా ఉన్నా రెండూ నడుస్తున్నాయి. కొత్తగా చేరేవాళ్ళలో 1995 సంగతి ఎరగని యువతీయువకులే ఎక్కువని నిఘా సంస్థ చెబుతోంది. వాళ్ళని ముందు పిలిచేది యోగా క్లాసుకి. సంస్థ పేరు చెప్పేది బాగా దగ్గరయ్యాకే.