విప్లవానంతర ఇరాన్‌లో యూదు కుటుంబం

గత భాగంలో 1979 నాటి ఇరాన్ విప్లవానికి దారితీసిన కారణాలను చదివారు. షా పతనం, అయతుల్లా ఖొమేనీ రాక, కొత్త రాజ్యాంగం అనే వరుస గుర్తుంటే పరీక్షకు సరిపోతుంది. కానీ ఆ విప్లవం ఒక చిన్న మతవర్గానికి చెందిన ఇంట్లోకి ఎలా ప్రవేశించిందో చూస్తేగాని దాని స్వభావం పూర్తిగా అర్థం కాదు. ఇక్కడ యూదు కుటుంబాలను ఉదాహరణగా తీసుకుందాం.

ఇరాన్ యూదులు నిన్న మొన్న వలస వచ్చినవారు కారు. తెలుగు బైబిల్లో కోరెషుగా కనిపించే రాజే మన చరిత్ర పుస్తకాల్లోని సైరస్. క్రీ.పూ. 539లో ఆయన బాబిలోన్‌ను జయించి, అక్కడ చెరలో ఉన్న యూదులకు స్వదేశం వెళ్ళే అవకాశమిచ్చాడు. చాలామంది వెళ్ళలేదు. ఎస్తేరు సమాధిగా భావించే కట్టడం హమదాన్ పట్టణంలో నేటికీ ఉంది. విప్లవానికి ముందు ఇరాన్‌లో యూదులు సుమారు 80,000 మంది.

1979 మే 9న హబీబ్ ఎల్ఘనియాన్‌ను కాల్చి చంపారు. ఆయన పేరుపొందిన ప్లాస్టిక్ పారిశ్రామికవేత్త, యూదు సమాజ నాయకుడు. ఇజ్రాయెల్‌తో సంబంధాలున్నాయన్నది విప్లవ న్యాయస్థానం మోపిన ప్రధాన ఆరోపణ. అంతటివాడికే దిక్కులేనప్పుడు తమ గతేమిటన్న భయం సామాన్య కుటుంబాలకు పట్టుకుంది. కొద్ది రోజులకే యూదు పెద్దలు కోమ్ నగరానికి వెళ్ళి ఖొమేనీని కలిశారు. యూదులు వేరు, జియోనిస్టులు వేరు అని ఆయన చెప్పాడు. ఆ మాటను ప్రార్థనా మందిరాల గోడల మీద రాయించుకున్నారు. ఒక సమాజం తన రక్షణకు ఒక నాయకుడి మాటను గోడ మీద రాసుకోవలసి వచ్చిందంటే పరిస్థితి ఎలాంటిదో ఊహించవచ్చు.

అదే సంవత్సరం చివర అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 13వ అధికరణంలో జొరాస్ట్రియన్లు, యూదులు, క్రైస్తవులను మైనారిటీలుగా గుర్తించింది. పార్లమెంటైన మజ్లిస్‌లో యూదులకు ఒక స్థానం దక్కింది. బహాయీలకు ఈ గుర్తింపు కూడా లేదు. దేశమంతటా మద్యనిషేధం ఉన్నా, మతాచారం కోసం యూదులు ఇంట్లో ద్రాక్షసారా వాడుకోవచ్చు.

ఇంతవరకే చదివితే ఇది రక్షణగా కనిపిస్తుంది. ఇప్పుడు పౌరస్మృతి చూడండి. విప్లవం తర్వాత 881వ అధికరణానికి చేర్చిన నిబంధన ప్రకారం, చనిపోయిన ముస్లిమేతరుడి వారసులలో ఒక్క ముస్లిం ఉన్నా, మిగిలినవారికి ఆస్తిలో వాటా రాదు. అంటే అన్నదమ్ములలో ఒకరు మతం మారితే తండ్రి ఇల్లు, దుకాణం అతనివే. వారసత్వ ఉద్యోగం ఎవరికన్న ప్రశ్న ఒక్కోసారి ఇంట్లో ఎంత దూరం తీసుకుపోతుందో శ్రీరాంపూర్ గనుల దగ్గర పెరిగిన విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. అయితే గని ఉద్యోగం ఎవరికన్నది ఇంట్లోవాళ్ళు మాట్లాడుకుని తేల్చుకోవచ్చు. ఇక్కడ తేల్చేది చట్టం, దానికి కొలమానం మతం.

పాస్‌పోర్టు విషయం ఇంకా కఠినం. 1980లలో యూదు కుటుంబమంతా కలిసి విదేశం వెళ్ళడానికి సాధారణంగా అనుమతి దొరికేది కాదు. వెళ్ళినవారు తిరిగి వస్తారనడానికి హామీగా ఎవరో ఒకరు వెనక ఉండాలి. అందువల్ల అనేకులు దళారులకు డబ్బిచ్చి, రాత్రివేళ పాకిస్తాన్, టర్కీ సరిహద్దులు దాటారు. అదే కాలంలో, 1980-88 ఇరాక్ యుద్ధంలో, యూదు యువకులు ఇరాన్ సైన్యంలో పనిచేశారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు.

బడి సంగతి చిన్నదిగా అనిపించవచ్చు. ఇరాన్‌లో సెలవు శుక్రవారం, వారం మొదలయ్యేది శనివారం. యూదులకు శనివారం పని చేయకూడని విశ్రాంతి దినం. వారి పిల్లలకు ఆ రోజు బడి నుంచి మినహాయింపు 2015లో గాని రాలేదు.

ఇజ్రాయెల్‌కు, అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌కు ఎక్కువమంది వెళ్ళిపోయారు. 2016 జనాభా లెక్కల్లో మిగిలినవారు పదివేల లోపే. ఉండిపోయినవారిని కేవలం బందీలుగా చిత్రించే రచనలు ఉన్నాయి. అది సరికాదు. వారి మాతృభాష పారశీకం, పెద్దల సమాధులు అక్కడే. టెహరాన్‌లో యూదులు నడిపే సపీర్ ఆసుపత్రి 1978లో షా సైనికుల కాల్పుల్లో గాయపడిన నిరసనకారులకు వైద్యం చేసింది, నేటికీ అన్ని మతాలవారికీ చేస్తోంది.

అభ్యాసం: ఒక యూదు తండ్రికి నలుగురు పిల్లలు, వారిలో ఒకరు ఇస్లాం స్వీకరించారు. 13వ అధికరణాన్ని, 881కి చేర్చిన నిబంధనను పక్కపక్కన పెట్టి, ఆ ఇంటి పరిస్థితిని పది వాక్యాల్లో రాయండి.