వస్వసా: పేరు మనది, జబ్బు అందరిది

జన్వాడ, మొయినాబాద్, చేవెళ్ల వైపు మా ముస్లిం ఇళ్లల్లో ఈ మాట తెలియనివాళ్లు లేరు. వజూ చేసిన చేతుల్నే మళ్లీ మళ్లీ కడుక్కునే మనిషికి, ఎన్ని రకాతులు అయ్యాయో తేలక నమాజును మళ్లీ మొదటికి తెచ్చుకునే మనిషికి వస్వసా పట్టిందంటాం. అనేసి ఊరుకోం. ఈమాన్ తక్కువైందంటాం, షైతాన్ చేరిందంటాం. తావీజు కడతాం. జహంగీర్ పీర్ దర్గాకు తీసుకుపోతాం. బయటివాళ్లు ఇంకో మాటంటారు: మీ మతంలో కడుగుళ్లు ఎక్కువ కదా, అందుకే ఇదంతా అని. లోపలి తీర్పూ, బయటి తీర్పూ రెండూ తప్పే. మధ్యలో నలిగిపోయేది మాత్రం మా మనిషే.

దీన్ని డాక్టర్లు ఓసీడీ అంటారు, అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. వద్దన్నా ఒక ఆలోచన వచ్చి పడుతుంది. అది ఉత్తదేనని ఆ మనిషికి చాలాసార్లు తెలుసు. తెలిసినా భయం ఆగదు. ఆ భయం తగ్గడానికి కడగాలి, లెక్కపెట్టాలి, తాళం మళ్లీ చూడాలి. చేస్తే కాసేపు నిమ్మళం. తర్వాత అనుమానం రెట్టింపై తిరిగొస్తుంది.

ఈ జబ్బును మేం ఇవాళ కొత్తగా వినడం లేదు. అబూ జైద్ అల్ బల్ఖీ 850 ప్రాంతంలో బల్ఖ్ దగ్గర పుట్టి 934లో చనిపోయాడు. శరీరాన్నీ మనసునూ కాపాడుకోవడం గురించి ఆయనొక గ్రంథం రాశాడు. అందులో వస్వాస్‌కు విడిగా ఒక అధ్యాయమే ఇచ్చాడు. దుఃఖం వేరు, కోపం వేరు, భయం వేరు, ఇది వేరన్నాడు. ఒంటరిగా ఉండొద్దు, నలుగురిలో కలువు, పనిలో పడు, ఆ ఆలోచనకు ఎదురు ఆలోచన పెట్టుకో అని ఉపాయాలు చెప్పాడు. రోగిని రోగిగా చూశాడు.

తర్వాత మూడు వందల ఏళ్లకు డమాస్కస్‌లో ఇబ్న్ ఖుదామా (మరణం 1223) వస్వాస్ పట్టినవాళ్లను తప్పుపడుతూ ఒక పుస్తకం రాశాడు. నీళ్లు పారబోయడం ధర్మం కాదన్నాడు. ఆ మాటకు ఆధారం ఉంది. ప్రవక్త ఒక ముద్ నీళ్లతో వజూ చేసేవారని హదీసులు చెబుతాయి. ముద్ అంటే రెండు చేతులు కలిపి పట్టినంత కొలత. గండిపేట చెరువు పక్కనే ఉండి కూడా ఎండాకాలం బిందె విలువ తెలిసిన పల్లెలు మావి. వజూకు బిందెలు ఖాళీ చేసే మనిషిని చూసి ఇంట్లోవాళ్లు విసుక్కోవడం మాకు అర్థమవుతుంది. కానీ మందలింపు మందు కాదు. బల్ఖీ గ్రంథం ఇస్తాంబుల్ లైబ్రరీలో రాతప్రతిగా ఉండిపోయింది. 1984లో గానీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దాని నకలు అచ్చు కాలేదు. మా దాకా వచ్చింది మందలింపు. రానిది వైద్యం.

ఇక ఇది మా మతం తెచ్చిన జబ్బా? చండీగఢ్‌లో సల్మాన్ అఖ్తర్, ఆయన సహచరులు 82 మంది రోగుల్ని పరిశీలించి 1975లో ఒక వ్యాసం అచ్చువేశారు. నూటికి 75 మందిలో కనిపించింది అనుమానమే. తలుపు వేశానా, చేయి శుభ్రమైందా అనే అనుమానం. ఆ అనుమానం ఎవరింట్లో ఉంటే వాళ్ల బట్టలే తొడుక్కుంటుంది. మడి ఇంట్లో మైల అవుతుంది, మా ఇంట్లో నాపాకీ అవుతుంది. పదహారో శతాబ్దపు క్రైస్తవ సన్యాసి ఇగ్నేషియస్ లొయోలాను అది, ఒప్పుకున్న పాపాల్నే మళ్లీ మళ్లీ ఒప్పుకునేలా చేసింది. దేవుణ్ణి నమ్మని ఇంట్లో అదే గ్యాస్ స్టవ్ నాబ్ దగ్గర నిలబడుతుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో ఇది 0.8 శాతం అని తేలింది. అంటే వెయ్యిమందిలో ఎనిమిది మంది. వాళ్లందరూ ముస్లింలు కారు కదా!

కారణం ఒక్కటే కాదు. రక్తసంబంధంలో రావచ్చు. కాన్పు తర్వాత, పెద్ద దెబ్బ తగిలిన తర్వాత బయటపడొచ్చు, ముదరొచ్చు. మెదడు ముందుభాగానికీ లోపలి కేంద్రాలకీ మధ్య తిరిగే సంకేతాలు "పని అయిపోయింది" అన్నచోట ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. ఇందులో పాపం ఎక్కడుంది?

వైద్యం ఉంది. లండన్‌లో విక్టర్ మేయర్ 1966లో ఒక పద్ధతిని అచ్చులో పెట్టాడు. భయపడేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవాలి, కడగడం మాత్రం ఆపాలి. భయం ముందు పెరుగుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. దిగుతుందని శరీరం నేర్చుకుంటుంది. సెరటోనిన్ మీద పనిచేసే మందులు కూడా ఉన్నాయి. గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. ఇంట్లోవాళ్లకూ ఒక పని ఉంది. "పాక్ అయిందా?" అని అడిగిన ప్రతిసారీ "అయింది" అని చెప్పడం ప్రేమే, కానీ ఆ జవాబే అనుమానానికి మేత.

ఈ వైద్యం దీన్‌కు ఎదురా? కాదు. అనుమానంతో నిశ్చయం చెడదన్నది మన ఫిఖ్‌లో పునాది సూత్రం. వజూలో మూడుసార్లు కడిగితే చాలు, నాలుగోసారి లేదు. డాక్టరు ఆపమనేది కూడా ఆ నాలుగోసారినే.

అడ్డం పడేది మతం కాదు, సిగ్గు, బీదరికం. ఎర్రగడ్డ అనే పేరు మన నోళ్లల్లో తిట్టయింది. ఆడపిల్లకు పెళ్లి కాదన్న భయంతో ఏళ్లకేళ్లు దాస్తాం. ప్రభుత్వ ఖర్చుతో మానసిక వైద్యం పొందడం హక్కని 2017 చట్టం చెప్పింది. 2022లో టెలీ మానస్ వచ్చింది, 14416కు ఫోన్ చేస్తే మన భాషలోనే మాట్లాడొచ్చు. దర్గాకు పోయేవాళ్లను మేం ఆపం. అక్కడ మనసుకు దొరికే నెమ్మది మాకూ తెలుసు. దర్గా నుంచి వచ్చే దారిలో దవాఖానా దగ్గర కూడా దిగమంటాం. వెయ్యేళ్ల కింద మన హకీము రోగం అన్నదాన్ని మనం ఇంకా గునా అంటూ ఉంటే, వారసత్వం గురించి మాట్లాడే హక్కు మనకెక్కడిది?