పోలియో అనంతర సమస్యలు: నడక పరీక్షల విశ్వసనీయత

చిన్నతనంలో పోలియో సోకి, కనీసం పదిహేనేళ్లు నిలకడగా గడిచాక కొత్తగా మొదలయ్యే కండరాల బలహీనత, అలసట, నొప్పులను పోలియో అనంతర సమస్యలుగా లెక్కిస్తారు. ఎంతమందిలో వస్తాయన్న అంచనాలు 15 నుంచి 80 శాతం దాకా ఉన్నాయి. వాటిలో 25–40 శాతం అన్నదే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. కాబట్టి పోలియో ఇక పిల్లల సమస్య కాదు, నడివయసు దాటుతున్నవారిది.

విశాఖపట్నంలో పోలియో శస్త్రచికిత్సలనగానే గుర్తొచ్చే పేరు ఎముకల వైద్యుడు డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు. ప్రేమ ఆసుపత్రి, ఉచిత శిబిరాల ద్వారా చేసిన సేవకు ఆయన 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ముడుచుకున్న మోకాలిని సరిచేసి, క్యాలిపర్ తొడిగి, మనిషిని నిలబెట్టడమే ఆనాటి లక్ష్యం. అలా నిలబడ్డవారిలో 1980లలో పిల్లలుగా ఉన్నవారికి ఇప్పుడు దాదాపు నలభై, ఆపైన. వారి నడక తగ్గుతోందా, నిలకడగా ఉందా అన్నది ఇప్పటి ప్రశ్న.

కొలవడానికి వాడుకలో ఉన్న పరీక్షలు చాలా సాదాగా ఉంటాయి: కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడం; మామూలు నడక వేగం; గరిష్ఠ నడక వేగం; ఆరు నిమిషాల్లో నడిచిన దూరం. స్వీడన్‌లోని లుండ్‌కు చెందిన ఫ్లాన్స్‌బ్యెర్, లెక్సెల్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఈ నాలుగింటినీ 30 మందిపై వారం తేడాతో రెండుసార్లు జరిపారు. రెండు ఫలితాలూ బాగా సరిపోలాయి. కానీ అసలు సంగతి వేరే చోట ఉంది. ఒక్క మనిషిలో నిజమైన మార్పు వచ్చిందని చెప్పాలంటే తేడా పరీక్షను బట్టి సుమారు 12 నుంచి 21 శాతం ఉండాలని వారు తేల్చారు. అంటే నిరుడు 300 మీటర్లు నడిచిన మనిషి ఈసారి 280 దగ్గర ఆగితే, నడక క్షీణించిందని ఆ ఒక్క అంకెతో చెప్పలేం. ఈ హెచ్చరిక రోగికి ఊరట, వైద్యుడికి జాగ్రత్త.

తొడ కండరం బలహీనమైనవారు చేత్తో మోకాలి పైభాగాన్ని వెనక్కి నొక్కుకుంటూ అడుగేస్తారు. ఒకసారి అలా, మరోసారి క్యాలిపర్ బిగించుకుని నడిస్తే ఆ రెండు కొలతలనూ పోల్చడం కుదరదు. ఆరు నిమిషాల పరీక్షకు 30 మీటర్ల చదునైన వరండా కావాలి. వరండా చిన్నదైతే మలుపులు పెరిగి దూరం తగ్గుతుంది. కొండవాలు కాలనీల్లో ఉండే విశాఖవాసికి చదును నేల మీది ఫలితం సగం కథే చెబుతుంది.

సదరం శిబిరంలో వైకల్య శాతం తేల్చేటప్పుడు కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చదును నేల, ఏటవాలు, మెట్లు, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వంటివి చూస్తారు. గడియారం పెట్టి కొలిచే అంశం అందులో లేదు. అందువల్ల ఏళ్ల తరబడి వచ్చే మార్పును పట్టుకునే పని ఫిజియోథెరపిస్టులదే. మీటర్లు, సెకన్లతో పాటు క్యాలిపర్, కర్ర, చెప్పులు, పరీక్ష జరిపిన వేళ కూడా వారు రాసిపెట్టాలి. ఆ కాగితాన్ని రోగి దాచుకోవాలి.