అంబాసిడర్‌కు డీజిల్ గుండె

కలకత్తా శివారు ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. మొదట అన్నీ పెట్రోలు బళ్లే. 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర మండిపోయింది. టాక్సీవాళ్ల చూపు చవకైన డీజిల్ మీద పడింది.

షెడ్డు మెకానిక్‌లు మాటడార్ వ్యాన్ ఇంజన్‌లాంటివి తెచ్చి బానెట్ కింద కూర్చోబెట్టారు. చెప్పినంత సులువేం కాదు. మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేయాలి, పెరిగిన బరువుకు ముందు టార్షన్ బార్లు సర్దాలి. స్పార్క్ ప్లగ్గుల స్థానంలో ఇంజెక్టర్లొచ్చాయి. చప్పుడూ పెరిగింది, వేగమూ తగ్గింది. మీటరు మీద బతికేవాడికి అదో లెక్కా!

తర్వాత కంపెనీయే 1489 సీసీ డీజిల్ బండి తెచ్చింది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది.

పాత బండి కొనేవాళ్లు ముందు ఆర్‌సీలో ఇంధనం ఏమని ఉందో చూసుకోండి. ఇంజన్ మార్పును 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అందులో నమోదు చేయించాల్సిందే.